పాత ఇస్లామీయ నగరాల్లో కాపాడవలసింది కట్టడాలనా, కాపురాలనా?

ప్రశ్న
రాసినవారు: ప్రణాళికా విద్యార్థిని

మిత్రులందరికీ నమస్కారం. నేను నగర ప్రణాళికలో పీజీ చేస్తున్నాను. చారిత్రక ఇస్లామీయ నగరాల పరిరక్షణ మీద ఒక పరిశోధన వ్యాసం సమర్పించవలసి ఉంది. కొన్ని నెలలుగా మొరాకోలోని ఫెస్, ఈజిప్టులోని కైరో, ట్యూనీసియాలోని ట్యూనిస్, సిరియాలోని అలెప్పో, యెమెన్‌లోని సనా నగరాల గురించి దొరికినంత మేరకు చదివాను. చదివేకొద్దీ ఒక సందేహం నన్ను వదలకుండా పట్టుకుంది. దాన్ని ఇక్కడ అనుభవజ్ఞుల ముందు ఉంచుతున్నాను.

కైరో, ట్యూనిస్ పాత నగరాలను యునెస్కో 1979లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫెస్ 1981లో, అలెప్పో, సనా 1986లో ఆ జాబితాలోకి వచ్చాయి. నాలుగు దశాబ్దాలు గడిచినా ఈ నగరాలన్నిటి నుంచీ ఒకే రకం వార్తలు వస్తున్నాయి. ఇళ్ళు కూలుతున్నాయి, తరతరాలుగా ఉన్న కుటుంబాలు వెళ్ళిపోతున్నాయి, మిగిలిన ఇళ్ళు గిడ్డంగులుగానో హోటళ్ళుగానో మారుతున్నాయి. యుద్ధం జరిగిన చోట నష్టానికి కారణం స్పష్టంగానే కనబడుతుంది. అలెప్పోలో 2012 సెప్టెంబరులో సూక్ అంటే పాత బజారు తగలబడింది, 2013 ఏప్రిల్‌లో పెద్ద మసీదు మినార్ నేలకొరిగింది. యుద్ధం లేని ఫెస్‌లో మాత్రం ఇరుకు సందుల్లో ఎదురెదురు గోడలు ఒకదాని మీద ఒకటి పడిపోకుండా మధ్యలో దుంగలు అడ్డం పెట్టి ఎందుకు నిలబెట్టవలసి వస్తోందో నాకు పూర్తిగా అర్థం కావడం లేదు.

నా అసలు ఇబ్బంది ఇది. ఒకే ఉమ్మడి కుటుంబం కోసం మండువా చుట్టూ కట్టిన పెద్ద ఇంట్లో ఇప్పుడు గదికొక కుటుంబం కాపురం ఉంటోంది. వారికి సొంత స్నానాల గది కావాలి, వంటకు చోటు కావాలి, ప్రాణం మీదికి వస్తే అంబులెన్సు గుమ్మం దాకా రావాలి. పరిరక్షకుడు వచ్చి గోడ కదపవద్దు, కిటికీ మార్చవద్దు అంటే, ఆ మాట వినడం వల్ల వారికి కలిగే మేలు ఏమిటి? అలాగని ప్రతి ఇంటికీ కోరినట్లు మార్పులు అనుమతిస్తే పదేళ్ళకు అక్కడ పాత నగరం అనేది మిగులుతుందా? ఈ ఊళ్ళు శతాబ్దాల పాటు ఎవరి జాబితాలోనూ లేకుండానే నిలబడ్డాయి. అప్పుడు లేని కష్టం ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? దయచేసి విపులంగా చెప్పగలరు.

మొదటి సమాధానం
రాసినవారు: సున్నపు గోడ

ప్రశ్న బాగా వేశారు. ముందుగా ఒక చిన్న జాగ్రత్త చెబుతాను, మీ పరిశోధనకు పనికివస్తుంది. ఇస్లామీయ నగరం అనే మాటను ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో ఉత్తర ఆఫ్రికాను చూసిన ఫ్రెంచి పండితులు ఒక నమూనాగా స్థిరపరిచారు. కొన్ని నగరాలను చూసి అన్నిటికీ ఒకే అచ్చు గీశారని జానెట్ అబూ-లుఘోద్ 1987లో గట్టిగా విమర్శించారు. అలెప్పోలోని జదీదా పేట క్రైస్తవులది, ట్యూనిస్‌లోని హఫ్సియా ఒకప్పటి యూదుల పేట. కాబట్టి ఈ నగరాలను మతచిహ్నాలుగా కాక, ఇరుగుపొరుగు ఒప్పందాల మీద పెరిగిన ఊళ్ళుగా చూడండి. మీ ప్రశ్నకు జవాబు వెతకడానికి అదే దగ్గరి దారి.

ఆ ఒప్పందాల స్వరూపం ఇది. ఊరంతటికీ ముందే గీసిన పటం లేదు. ఒకరి కట్టడం వల్ల మరొకరికి హాని కలగరాదన్నది మూల సూత్రం. వీధి వెడల్పు మీద తగవు వస్తే ఏడు మూరలు వదలాలని ప్రవక్త వాక్కయిన హదీసు చెబుతోంది, అంటే బరువు మోసే రెండు ఒంటెలు ఎదురుపడినా తప్పుకోగలిగేంత. అవతలికి దారి లేని సందు ప్రభుత్వానిది కాదు, ఆ సందులోకి తలుపులు ఉన్న ఇళ్ళవారందరిదీ. ఎదుటి తలుపుకు సూటిగా కొత్త తలుపు పెట్టకూడదు, పొరుగింటి మండువాలోకి చూపు పడేలా కిటికీ తెరవకూడదు. పద్నాలుగో శతాబ్దంలో ట్యూనిస్‌లో ఇబ్న్ అల్-రామీ అనే మేస్త్రీ ఖాజీలకు ఇటువంటి తగాదాల్లో నిపుణుడిగా సలహా ఇచ్చేవాడు. గోడ ఎవరిది, కాలువ ఎవరు శుభ్రం చేయాలి, వంగిన గోడను ఎవరి ఖర్చుతో సరిచేయాలి అనే తీర్పులు ఆయన రాతల్లో విస్తారంగా ఉన్నాయి. చూడటానికి చిక్కుముడిలా కనిపించే ఆ సందుల వెనుక ఎంత నిక్కచ్చి లెక్క ఉందో వాటిని చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు అటువంటి అల్లిక మధ్యలో తిన్నని రోడ్డు ఒకటి కోసుకుంటూ పోతే ఏమవుతుంది? కూలిన ఇళ్ళ నష్టం అందరికీ కనబడుతుంది, కూలకుండా మిగిలిన ఇళ్ళ నష్టం ఎవరి కంటికీ ఆనదు. లోపలికి తిరిగి ఉండే ఇల్లు తన పక్కన ఉన్న ఇళ్ళకు ఆనుకుని నిలబడుతుంది. పక్క ఇల్లు తీసేసిన రోజు దాని వెనుక గోడ ఎండకు, వానకు, వాహనాల అదురుకు బయటపడుతుంది. రోడ్డు పక్కన స్థలం ధర పెరిగి అయిదారు అంతస్తుల భవనాలు లేస్తాయి. ఆ పై అంతస్తుల కిటికీల నుంచి చూస్తే పాత ఇళ్ళ మండువాలన్నీ అరచేతిలో ఉన్నట్లు కనిపిస్తాయి. ఆకాశం తప్ప మరెవరూ చూడని చోట బతికిన కుటుంబం అటువంటి ఇంట్లో ఇక ఉండలేదు. తలుపు మూసి కొత్త పేటకు వెళ్ళిపోతుంది. ఖాళీ అయిన ఇంట్లోకి గిడ్డంగి వస్తుంది.

ఇది ఊహ కాదు, అలెప్పోలో జరిగిన కథే. 1950ల దశకంలో ఫ్రెంచి ప్రణాళికావేత్త ఆంద్రే గుటాన్ వేసిన ప్రణాళికను అనుసరించి ఆ తర్వాతి సంవత్సరాల్లో పాత నగరంలోకి వెడల్పాటి రోడ్లు చొచ్చుకుపోయాయి. 1970ల చివర బాబ్ అల్-ఫరజ్ ప్రాంతాన్ని తొలగించి కొత్త భవనాలు కట్టబోయినప్పుడు స్థానిక వాస్తుశిల్పి అద్లీ ఖుద్సీ, ఆయనతో కలిసిన నగరవాసులు నిలదీశారు. కూల్చివేతలు ఆగడం, ఆ తర్వాత ప్రపంచ వారసత్వ గుర్తింపు రావడం ఆ పోరాటం ఫలితమే. 1990ల నుంచి జర్మన్ సహకారంతో జరిగిన పునరుద్ధరణలో మొదట నీటి గొట్టాలు, మురుగు కాలువలు మార్చారు, ఇళ్ళ మరమ్మతుకు నివాసులకు వడ్డీ లేని చిన్న అప్పులు ఇచ్చారు. నా దృష్టిలో ఆ కాలపు పరిరక్షణ పనుల్లో అతి తెలివైనది అదే. ఆ శ్రమనంతా 2012 తర్వాతి యుద్ధం మింగేసిందన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలతపడుతుంది.

ఫెస్ సంగతి వేరు. 1912లో ఫ్రెంచి పాలన వచ్చాక అక్కడి ఫ్రెంచి పాలనాధిపతి లియొటే ఆదేశంతో వాస్తుశిల్పి ఆన్రీ ప్రోస్త్ పాత నగరాన్ని ముట్టుకోకుండా దూరంగా కొత్త పట్టణం గీశాడు. సందులు మిగిలాయి, నిజమే. కానీ పెట్టుబడి, కచేరీలు, బడులు, కొలువులు అన్నీ కొత్త పట్టణానికి తరలిపోయాయి. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక ఉన్నత కుటుంబాలు కూడా కాసాబ్లాంకా, రబాత్ నగరాలకు, కొత్త పేటలకు వెళ్ళిపోగా, పల్లెల నుంచి వచ్చినవారు ఆ పెద్ద ఇళ్ళలో గదులు అద్దెకు తీసుకున్నారు. మీరు చెప్పిన దుంగల వెనుక కథ ఇక్కడ మొదలవుతుంది. ఇంటి పై బరువు పెరిగింది, ఇంటి బాధ్యత వహించే మనిషి లేకుండా పోయాడు.

అంబులెన్సు విషయంలో మీరు చెప్పింది కాదనలేను. అయితే దానికి వీధిని కోయనవసరం లేదు. సందుల వెడల్పుకు సరిపోయే చిన్న వాహనాలు, అంచుల్లో పార్కింగు, పేటలోనే ఆరోగ్య కేంద్రం, సందు సందుకూ అగ్నిమాపక నీటి కొళాయి అనేవి సాధ్యమైన పనులే. సనాలో నగరం మధ్యగా పోయే సైలా అనే వాగు గర్భాన్ని రాతితో పరిచి, పొడి రోజుల్లో వాహనాలకు దారిగా, వాన రోజుల్లో వరదకు కాలువగా వాడుకుంటున్నారు. ఊరిని కోయకుండా ఊరిలో ఉన్నదాన్నే ఉపయోగించుకోవడం అంటే అది.

రెండవ సమాధానం
రాసినవారు: భూగర్భ జలం

నేను నీటి సరఫరా, మురుగు పారుదల పనుల ఇంజనీరును. పై సమాధానంలో వీధి గురించి చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే, అసలు శత్రువు నేల కింద ఉందని నా అభిప్రాయం. పరిరక్షణ గురించి రాసేవారు ముఖద్వారాల గురించి పుటల కొద్దీ రాసి, మురుగు కాలువను ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఇది నన్ను ఎప్పుడూ బాధించే విషయం.

సనానే తీసుకోండి. అక్కడ ఆరువేలకు పైగా పాత ఇళ్ళున్నాయి. చాలావరకు అయిదారు అంతస్తుల మేడలు. కింద రాయి, పైన కాల్చిన ఇటుక, దాని మీద తెల్లటి జిప్సం అలంకారం. పాత రోజుల్లో ప్రతి అంతస్తులోని మరుగుదొడ్డి నుంచి ఒక నిలువు గొంది కిందికి దిగేది. ఘనపదార్థం పొడిగా కింది గదిలో చేరేది, ద్రవం వేరుగా బయటి గోడ మీది కాలువ గుండా జారి ఆ ఎండిన గాలికి ఆవిరైపోయేది. ఎండిన మలాన్ని హమామ్‌ల, అంటే ఊరి స్నానశాలల వారు తీసుకెళ్ళి నీళ్ళు కాచడానికి వంటచెరకుగా వాడేవారు, మిగిలిన బూడిద మసీదుల పక్కనున్న కూరగాయల తోటలకు ఎరువయ్యేది. చుక్క నీరు పునాదిలోకి దిగని ఏర్పాటు అది.

1970ల్లో కొళాయిలు వచ్చాయి. కుండతో మోసుకొచ్చిన నీటిని వాడే ఇంట్లోకి గొట్టపు నీరు వచ్చిందంటే వాడకం అనేక రెట్లు పెరుగుతుంది. అలా వాడిన నీరు బయటికి పోవడానికి మాత్రం కాలువలు లేవు. ఆ నీరంతా పునాదుల కింద ఇంకింది. శతాబ్దాలుగా ఎండలో బిగిసి నిలబడ్డ మేడలు కొన్నేళ్ళలోనే ఒరగడం, కూలడం మొదలైంది. 1984లో యునెస్కో పిలుపుతో మొదలైన పరిరక్షణ ఉద్యమం వీధులకు రాతి పరుపు వేసి, దాని అడుగున మురుగు, నీటి గొట్టాలు అమర్చడాన్ని ప్రధానంగా పెట్టుకుంది. 1995లో దానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. ఆ గౌరవంలో పెద్ద వాటా పరుపు అడుగున కనబడని గొట్టాలదే అని నేను నమ్ముతాను.

కైరోలోనూ మూలం ఇదే, పరిమాణం మాత్రం చాలా పెద్దది. 1947 నాటికి ఇరవై లక్షల చిల్లర ఉన్న జనాభా ఇప్పుడు చుట్టూ పెరిగిన మహానగరంతో కలిపి రెండు కోట్లు దాటింది. కారే గొట్టాల నుంచి, పాత మురుగు కాలువల నుంచి దిగిన నీటితో భూగర్భ జలం పైకి లేచింది. సున్నపురాయి దూదిలా ఆ చెమ్మను పీల్చుకుంటుంది. గోడ ఉపరితలం దగ్గర నీరు ఆవిరైనప్పుడు అందులోని లవణాలు రాతి రంధ్రాల్లో స్ఫటికాలై ఉబ్బి, రాతి ముఖాన్ని పొరలు పొరలుగా ఊడదీస్తాయి. మసీదు గోడకు నడుము ఎత్తు వరకు కనిపించే తెల్లటి ఉప్పు పూత, దాని కింద పిండిలా రాలే రాయి ఇలా వచ్చినవే. 1992 అక్టోబరు 12న వచ్చిన భూకంపం తీవ్రత 5.8 మాత్రమే అయినా ఎన్నో చారిత్రక కట్టడాలు దెబ్బతినడానికి, కాళ్ళు ముందే నానిపోయి ఉండటం ఒక ముఖ్య కారణం.

ఇక సిమెంటు. చెమ్మ కనిపించగానే దాన్ని కప్పడానికి సిమెంటు పూత వేస్తారు. సున్నపు గార అయితే గోడ ఊపిరి పీల్చుకుంటుంది, లోపలి చెమ్మ బయటికి పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకి పాకి, ఇంతకు ముందు పొడిగా ఉన్న అంతస్తును పట్టుకుంటుంది. మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతు ఇంటి ఆయుష్షును తగ్గించిన ఉదాహరణలు నేను స్వయంగా చూశాను. మీ వ్యాసంలో ఏ నగరాన్ని తీసుకున్నా, ముందు అక్కడి మురుగు పటం సంపాదించండి. కూలిన ఇళ్ళ పటం దానితో సరిపోల్చండి.

మూడవ సమాధానం
రాసినవారు: దస్తావేజు

పై ఇద్దరూ గోడను, నీటిని చూపారు. మరమ్మతుకు డబ్బు ఎవరిచ్చేవారన్న ప్రశ్న మిగిలింది. నేను భూమి హక్కుల చట్టాలు బోధిస్తాను. అందువల్ల ఆ కోణం నుంచి నాలుగు మాటలు చెబుతాను.

ఈ నగరాలు శతాబ్దాల పాటు ఎలా నిలబడ్డాయని మీరు అడిగారు. జవాబులో పెద్ద భాగం వక్ఫు. ధర్మకార్యం కోసం ఒక ఆస్తిని శాశ్వతంగా అంకితం చేసి, దాని రాబడిని ఒక నిర్దిష్టమైన ఖర్చుకు కేటాయించే పద్ధతి అది. లాహోర్‌లో 1634లో వజీర్ ఖాన్ మసీదు కట్టడం ఆరంభించి 1641లో పూర్తిచేశారు. దాన్ని కట్టించిన మొఘల్ సుబేదారు వజీర్ ఖానే 1635లో ఢిల్లీ దర్వాజా పక్కన షాహీ హమామ్ కట్టించాడు. ఆ హమామ్, దుకాణాలు మసీదుకు అంకితమైన ఆస్తిలో భాగం. వాటి రాబడితో మసీదు నిర్వహణ జరగాలి. అంటే కట్టడం కట్టినవాడు దాని మరమ్మతు ఖర్చుకు ఆధారాన్ని కూడా పక్కనే కట్టి పోయాడు. చాలా వక్ఫు పత్రాల్లో రాబడిలో మొదటి హక్కు మరమ్మతుకే ఉంటుంది, జీతాలు, దానాలు ఆ తర్వాతే. బడి, మంచినీటి చావడి, ఆసుపత్రి, సత్రం అన్నీ ఇలాగే నడిచేవి. దీన్ని దానం అని మాత్రమే అనువదిస్తే దాని అర్థం తగ్గిపోతుంది. అది ఊరి నిర్వహణ ఖజానా.

ఇరవయ్యో శతాబ్దంలో కొత్త రాజ్యాలు ఈ ఏర్పాటును విప్పేశాయి. ట్యూనీసియా స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే 1956, 1957 సంవత్సరాల్లో ప్రజా వక్ఫులను, కుటుంబ వక్ఫులను రద్దు చేసింది. ఈజిప్టు 1952లో కుటుంబ వక్ఫులను రద్దు చేసి, మిగిలినవాటిని మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చింది. భూ సంస్కరణలకు, అవినీతి నిర్మూలనకు అవి అవసరమన్న వాదనలో నిజం లేకపోలేదు. చాలాచోట్ల ముతవల్లీలు, అంటే వక్ఫు నిర్వాహకులు, రాబడి తినేసి కట్టడాన్ని గాలికి వదిలేశారు. అయినా పాత ఏర్పాటు పోయిన చోట మరమ్మతు బాధ్యతను మోసే కొత్త ఏర్పాటును ఎవరూ నిలబెట్టలేదు. లోటు అక్కడ ఉంది.

దీనికి మరో రెండు చేరాయి. ఒకటి వారసత్వం. ఇల్లు తరం తరానికీ వాటాలుగా విడిపోయి, చివరకు నలభై యాభై మంది హక్కుదారులు అవుతారు. అందులో సగం మంది విదేశాల్లో ఉంటారు. పైకప్పు దూలం మార్చడానికి కూడా అందరి సంతకాలూ దొరకవు. రెండవది అద్దె నియంత్రణ. కైరోలో దశాబ్దాల కిందట నిర్ణయించిన అద్దె తరాలు మారినా దాదాపు అక్కడే ఆగిపోయింది. ఆ అద్దెతో యజమాని సున్నం కూడా వేయించలేకపోయేవాడు. ఇల్లు కూలిపోతే స్థలం చేతికి వస్తుంది కనుక, కూలాలని ఎదురుచూసే యజమానులు కూడా తయారయ్యారు. 2024లో అక్కడి సుప్రీం రాజ్యాంగ న్యాయస్థానం ఆ స్థిరమైన అద్దెలు చెల్లవని తీర్పు చెప్పింది. 2025లో వచ్చిన చట్టం నివాస గృహాలకు ఏడేళ్ళ గడువు ఇచ్చి పాత ఒప్పందాలకు ముగింపు పలికింది. యజమానికి ఊరట దొరుకుతుంది, సరే. కానీ ఆ అద్దె మీదే ఆధారపడి పాత పేటల్లో ఉంటున్న వృద్ధులు, చేతివృత్తుల వారు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా చేసే పరిరక్షణ ప్రణాళిక ఏదైనా కాగితం మీదే మిగులుతుంది.

ట్యూనిస్ నుంచి ఒక మంచి ఉదాహరణ చెప్పి ముగిస్తాను. అక్కడ ప్రధాన వీధిని మదీనా, అంటే పాత నగరం గుండా కస్బా అనే కోట దాకా పొడిగించాలన్న ఆలోచన ఒకప్పుడు బలంగా ఉండేది. అది ఆగింది. 1967లో మదీనా పరిరక్షణ సంఘం ఏర్పడి, పురపాలక సంఘంతో కలిసి పనిచేసింది. శిథిలమైన హఫ్సియా పేటలో ఖాళీ స్థలాల్లో పాత సందుల కొలతల్లోనే కొత్త ఇళ్ళు కట్టారు, మిగిలిన పాత ఇళ్ళ మరమ్మతుకు అప్పులు ఇచ్చారు. ఆ పేట 1983లో ఒకసారి, 1995లో మరోసారి ఆగాఖాన్ పురస్కారం పొందింది. మొదటి దశలో కట్టిన ఇళ్ళు పేదలకు అందుబాటులో లేవన్న విమర్శ వచ్చింది. రెండవ దశలో ఆ లోపాన్ని కొంత దిద్దుకున్నారు. తప్పు ఒప్పుకుని అదే చోట మళ్ళీ పని చేసిన సంస్థలు అరుదు. అందుకే దీన్ని మీరు వివరంగా చదవాలని కోరుతున్నాను.

ప్రణాళికా విద్యార్థిని

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నా ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉందని ఇప్పుడు అర్థమవుతోంది. నేను కట్టడం, కాపురం అని రెండు పక్షాలుగా విడదీసి చూశాను. మీ మాటల్లో మరమ్మతు అన్న మూడవ విషయం ఆ రెండిటినీ కలుపుతోంది. మరో రెండు సందేహాలు అడుగుతాను. పర్యాటక రాబడి వక్ఫు స్థానాన్ని భర్తీ చేయగలదా? భూకంప భద్రత పేరుతో పాత పేటలను తొలగించి మళ్ళీ కట్టడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

నాలుగవ సమాధానం
రాసినవారు: గడప లెక్క

నేను కొన్నేళ్ళు పాత నగరాల ఇళ్ళ సర్వేలో పనిచేశాను. కాబట్టి మొదటి సమాధానంతో ఒక చోట విభేదించక తప్పదు. పాత ఇరుగుపొరుగు ఒప్పందాలు అందంగా ఉన్నాయి, అయితే వాటి భారం ఎక్కువగా స్త్రీల మీద పడేది. నీళ్ళు మోసింది వారు, చీకటి మెట్లు ఎక్కిదిగింది వారు, మండువా దాటి బయటికి రావడానికి అనుమతి అడిగింది వారు. కొత్త పేటలో చిన్న ఫ్లాటు దొరికితే మొదట సంతోషించేది ఇంటి ఆడవారే అని సర్వేలో పదే పదే విన్నాను. వారిని నేను తప్పుపట్టను. పాత ఇంట్లో నీటి కొళాయి, వంటగది, వెలుతురు వచ్చే మెట్లు కల్పించనిదే ఎవరినీ ఉండమని అడిగే హక్కు మనకు లేదు.

భద్రత విషయం. చైనా పశ్చిమాన ఉన్న కాష్గర్ పాత నగరంలో 2009లో పెద్దఎత్తున మొదలైన కూల్చివేతలకు అధికారులు చెప్పిన కారణం భూకంప భయమే. ఆ ప్రాంతానికి భూకంప ప్రమాదం ఉన్నమాట నిజం. అయినా మట్టి ఇళ్ళను బలపరచడానికి పద్ధతులు ఉన్నాయి. ఎదురెదురు గోడలను ఇనుప కడ్డీలతో కలిపి బిగించవచ్చు, కప్పు అంచున చెక్క పట్టీ తిప్పవచ్చు, పై అంతస్తుల అదనపు బరువు దించవచ్చు. వాటిని ఇంటింటికీ ప్రయత్నించి చూశాక మిగిలిన ఇళ్ళను తొలగించడం వేరు, పేట మొత్తాన్ని నేలమట్టం చేసి పాత నగరాన్ని పోలిన కొత్త నగరాన్ని కట్టడం వేరు. ఇస్తాంబుల్‌లో 2005 నాటి 5366 సంఖ్య గల చట్టం శిథిలమైన చారిత్రక ప్రాంతాలను పునరుద్ధరించి వాడుకలోకి తేవడం కోసమని వచ్చింది. ఆ చట్టం కిందే రోమా అనే సంచార మూలాల అల్పసంఖ్యాక ప్రజలు తరతరాలుగా నివసించిన సులుకులె పేటను కూల్చారు. పాత నివాసుల్లో అత్యధికులు అక్కడికి తిరిగి రాలేకపోయారు.

పర్యాటకం గురించి నా అనుమానాలకు షహ్రిసబ్జ్ ఒక్కటి చాలు. ఉజ్బెకిస్తాన్‌లోని ఆ తైమూరీ నగరం 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. కట్టడాల చుట్టూ ఉన్న మహల్లాలను, అంటే ఇళ్ళ పేటలను తీసేసి, మధ్యలో విశాలమైన ఉద్యానం, పర్యాటక వసతులు కట్టారు. 2016లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టింది. తైమూరు కట్టించిన అక్సరాయ్ రాజభవనపు శిథిల ద్వారం ఇంకా నిలబడే ఉంది, దాని చుట్టూ మాత్రం ఊరు లేదు. మరాకేష్‌లో కూల్చివేత లేకుండానే మరో రకం మార్పు జరిగింది. 1990ల చివరి నుంచి విదేశీయులు మండువా ఇళ్ళను కొని అతిథి గృహాలుగా మార్చారు. గోడలు బాగుపడ్డాయి, జెల్లీజ్ పలకల పనివారికి, గార పనివారికి చేతినిండా పని దొరికింది. దాన్ని తక్కువ చేయను. కానీ ఇంటి ధర స్థానికుల చేతికి అందని ఎత్తుకు పోయింది, పిల్లలు లేని సందులో బడి మూతపడుతుంది. పర్యాటక రాబడి వక్ఫు స్థానంలోకి రావాలంటే దానిలో నిర్ణీత భాగం అదే సందులోని కాలువకు, కప్పుకు తప్పనిసరిగా చేరాలి. అలా చట్టంతో కట్టుబడి ఉన్న ఏర్పాటు నాకు ఎక్కడా కనబడలేదు.

నమ్మకం కలిగించిన పని ఒకటి ఉంది, కైరోలోని దర్బ్ అల్-అహ్మర్. దాని తూర్పు అంచున అయిదు వందల ఏళ్ళుగా ఊరి చెత్త, శిథిలాలు పోగుపడి గుట్టలయ్యాయి. ఆగాఖాన్ ట్రస్టు ఆ ముప్ఫై హెక్టార్లను ఉద్యానంగా మార్చే పనిలో పదిహేను లక్షల ఘనపు మీటర్లకు పైగా మట్టిని కదిలించింది. ఆ తవ్వకంలో పన్నెండో శతాబ్దపు అయ్యూబీ కోటగోడ సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పొడవున బయటపడింది. 2005లో అల్-అజ్హర్ ఉద్యానం తెరుచుకుంది. నాకు ముఖ్యమనిపించేది ఉద్యానం కన్నా ఆ తర్వాత తలెత్తిన వివాదం. గోడకు లోపలి వైపు ఆనుకుని ఇళ్ళున్నాయి. గోడ చక్కగా కనబడాలంటే వాటిని తీసేయాలన్నది అధికారుల పాత అలవాటు. 1881లో ఏర్పడిన అరబ్ కళా స్మారకాల పరిరక్షణ సమితి కాలం నుంచీ మసీదు గోడలకు ఆనుకున్న దుకాణాలను, ఇళ్ళను తొలగించి కట్టడాన్ని ఒంటరిగా నిలబెట్టడం వారికి పరిపాటి. ఇక్కడ ప్రాజెక్టు వారు అందుకు ఒప్పుకోలేదు. గోడకు ఆనుకున్న ఇళ్ళు కూడా గోడ చరిత్రలో భాగమని వాదించి, వాటిని నిలబెట్టి మరమ్మతు చేశారు. పేటలో వందకు పైగా ఇళ్ళు బాగయ్యాయి. ఖర్చులో కొంత నివాసులు భరించారు, మిగతాదానికి చిన్న అప్పులు, గ్రాంట్లు తోడయ్యాయి. వడ్రంగం, రాతి పని నేర్చిన యువకులు అదే పేటవారు.

సున్నపు గోడ

స్త్రీల శ్రమ గురించి గడప లెక్క గారు చెప్పినది పూర్తిగా అంగీకరిస్తున్నాను. నా సమాధానంలో అది లేకపోవడం లోపమే.

విద్యార్థిని గారూ, అయిదు నగరాలు ఒక వ్యాసానికి ఎక్కువ. దర్బ్ అల్-అహ్మర్‌లో కోటగోడకు ఆనుకున్న ఒక్క సందును తీసుకోండి. ఆ సందులోని ప్రతి ఇంటికీ గత వందేళ్ళలో కప్పు ఎప్పుడు మార్చారు, డబ్బు ఎవరిచ్చారు, పని ఎవరు చేశారు, సున్నమా సిమెంటా, కొళాయి ఏ సంవత్సరం వచ్చింది, మురుగు గొట్టం ఏ సంవత్సరం వచ్చింది అని వరుసగా రాయండి. వక్ఫు ఆస్తిగా ఉన్న ఇళ్ళను విడిగా గుర్తించండి. కైరో వక్ఫు పత్రాలు ప్రభుత్వ పురాభిలేఖాగారంలో, వక్ఫు మంత్రిత్వ శాఖలో వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు ఈజిప్టును ఏలిన మామ్లూకు సుల్తానుల కాలపు పత్రాల్లో గదులు, మెట్లు, బావులు, కాలువలతో సహా ఇంటి వర్ణన ఉంటుంది. అరబిక్ చదవగల సహాధ్యాయి ఒకరు తోడుంటే చాలు.

ప్రణాళికా విద్యార్థిని

అలాగే చేస్తాను. ఈ రోజే మా మార్గదర్శకులకు మారిన అంశాన్ని రాసి పంపాను. అరబిక్ తెలిసిన సహాధ్యాయిని ఒకరు సిద్ధంగా ఉన్నారు. మురుగు పటం ఎవరిని అడగాలో, భూగర్భ జలం గారూ, వీలైనప్పుడు చెప్పగలరు.